కూడలిలో అందరినీ ఆపినవాడు: గారెట్ మోర్గాన్

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మన హాస్టల్ తమ్ముళ్లు ట్రంకు పెట్టె సర్దుకొని ఇంటికి పోతారు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఆ ఎండాకాలంలోనే ఎల్‌ఎల్‌ఆర్‌కు స్లాట్ బుక్ చేసుకుంటారు. జనగామలో ఆటో, మానుకోటలో ట్రాక్టర్, భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్, ఏది నడపాలన్నా మొదటి మెట్టు అదే. రేపు ఆర్టీసీలో డ్రైవర్ ఉద్యోగం కావాలన్నా అక్కడి నుంచే మొదలు. బండి తోలడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. చిక్కంతా కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే వస్తుంది. అడిగిన ప్రశ్నల్లో నూటికి 60 వంతులు సరిగా చెప్పాలి.

నేను మొదటిసారి తప్పాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. తప్పిన ప్రశ్నల్లో ఒకటి బాగా గుర్తుంది. పసుపు దీపం వెలిగినప్పుడు ఏం చేయాలి? ఎరుపు పడకముందే తొందరగా దాటిపోవాలి అన్న జవాబు నొక్కాను. హైదరాబాద్ పోయినప్పుడల్లా బస్సు కిటికీలోంచి నేను చూసింది అదే మరి. సరైన జవాబు ఆగడం. పసుపు పడితే గీత దగ్గర ఆగాలి. ఇక ఆగితే ప్రమాదం అన్నంత దగ్గరికి వచ్చేసినవాడు మాత్రమే దాటిపోవచ్చు. మనకు లేని తొందరను మనమే తెచ్చిపెట్టుకుంటున్నామని అప్పుడు అర్థమైంది.

తర్వాత డిగ్రీలో ఉండగా ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో పసుపు దీపాన్ని కనిపెట్టినవాడు గారెట్ మోర్గాన్ అని ఒక వాక్యం చూశాను. నన్ను ఫెయిల్ చేసిన దీపం కదా, వదిలిపెట్టలేదు. ఆయన గురించి దొరికిందల్లా చదివాను. ఆ పుస్తకం రాసింది పూర్తిగా నిజం కాదని తేలింది. కానీ నిజం అంతకంటే పెద్దది. మన హాస్టల్ పిల్లలు తెలుసుకోవలసిన జీవితం కాబట్టి ఈ సంచికలో రాస్తున్నాను.

గారెట్ అగస్టస్ మోర్గాన్ 1877 మార్చి 4న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, పారిస్ అనే చిన్న పట్టణం పక్కనున్న నల్లజాతివారి వాడలో పుట్టాడు. ఊరి పేరు పారిస్, వాడ మాత్రం ఊరికి అవతల. మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం 1865లో రద్దయింది. ఆయన తల్లీ తండ్రీ ఇద్దరూ అంతకుముందు బానిసలుగా బతికినవారే. పదకొండు మంది పిల్లల్లో ఆయన ఏడోవాడు. చదువు ఆరో తరగతి దాటలేదు. పద్నాలుగేళ్ల వయసులో పని వెతుక్కుంటూ ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరానికి పోయాడు. ఒకరి దగ్గర చిల్లరమల్లర పనులు చేసే జీతగాడిగా కుదిరాడు. ఆ జీతంలోంచే డబ్బు తీసి ఒక టీచరును పెట్టుకుని ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకున్నాడు. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. దీని గురించి ఎవరూ ఎక్కువగా రాయరు.

1895లో క్లీవ్‌లాండ్ నగరానికి చేరాడు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో ఊడ్చే పనితో మొదలై, చూస్తూ చూస్తూనే కుట్టుమిషన్ల రిపేరు నేర్చుకున్నాడు. 1907లో సొంతంగా రిపేరు దుకాణం పెట్టాడు. మరుసటి ఏడాది మేరీ అనే దర్జీ పనిచేసే అమ్మాయిని పెళ్లాడాడు. ఆమె తెల్లజాతి స్త్రీ, యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చిన కుటుంబానికి చెందినది. ఆ రోజుల్లో అలాంటి పెళ్లి చేసుకోవడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోండి. ఇద్దరూ కలిసి ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం తెరిచారు. అందులో 32 మంది పనివాళ్లు ఉండేవారు.

ఉన్ని బట్ట కుడుతుంటే సూది వేడెక్కి బట్ట మాడుతోందని ఆయన ఒక ద్రవం తయారుచేశాడు. చేతులు తుడుచుకున్న గుడ్డ మీద నూగు సాఫుగా అయిపోవడం చూసి, పక్కింటి కుక్క వెంట్రుకల మీద ప్రయోగించాడు, ఆ తర్వాత తన జుట్టు మీదే వేసుకున్నాడు. అలా 1913లో జుట్టు నిటారుగా చేసే క్రీము కంపెనీ మొదలైంది. నల్లవారి జుట్టు తెల్లవారి జుట్టులా కనిపించాలన్న ఆశను సొమ్ము చేసుకున్నాడని ఆయన్ను తప్పుపట్టవచ్చు. తప్పుపట్టినా, తర్వాతి పనులకు కావలసిన డబ్బు అక్కడి నుంచి వచ్చిందన్నది నిజం.

అంబేడ్కర్ గారు 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చదువుతున్న రోజుల్లోనే, అదే దేశంలో క్లీవ్‌లాండ్‌లో మోర్గాన్ పొగ తొడుగు తయారుచేసి అమ్ముతున్నాడు. అగ్నిప్రమాదాల్లో మంటకన్నా ముందు పొగ మనిషిని చంపుతుంది. పొగ పైకి లేస్తుంది, నేలకు దగ్గరగా కొంచెం మంచి గాలి మిగులుతుంది. మోర్గాన్ తలకు తొడుక్కునే తొడుగుకు నేలదాకా వేలాడే పొడవైన గొట్టాలు పెట్టాడు. వాటి చివర తడిపిన స్పాంజి ఉంటుంది. అంత సులువైన ఆలోచన. 1914లో పేటెంటు వచ్చింది.

కానీ దక్షిణాది ఊళ్లలో నల్లవాడు చేసిన వస్తువును ఫైర్ స్టేషన్లు కొనవు. అందుకని ఒక తెల్ల నటుడిని కూలికి పెట్టుకున్నాడు. యంత్రం కనిపెట్టింది అతనే అని జనానికి చెప్పేవారు. మోర్గానేమో రెడ్ ఇండియన్ వేషం వేసుకుని, పొగ నిండిన డేరాలోకి పోయి, చాలాసేపటికి క్షేమంగా బయటికి వచ్చేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. తన తెలివికి తానే యజమానినని చెప్పుకోలేని బతుకు అది. ఊరు మారితే పేరులోంచి కులం తెలియకుండా దాచుకునే మనవాళ్లు ఇది చదివి నవ్వలేరు.

1916 జూలై 24 రాత్రి క్లీవ్‌లాండ్ పక్కనున్న ఈరీ సరస్సు అడుగున, నగరానికి మంచినీళ్లు తెచ్చే సొరంగం తవ్వుతుండగా గ్యాస్ పేలింది. కార్మికులు లోపల చిక్కుకున్నారు. కాపాడబోయినవాళ్లూ విషవాయువులో పడిపోయారు. తెల్లవారుజామున ఎవరికో మోర్గాన్ తొడుగు గుర్తొచ్చింది. ఆయన, సోదరుడు ఫ్రాంక్, రాత్రి బట్టలతోనే తొడుగులు పట్టుకుని పరుగున వచ్చారు. అక్కడున్నవాళ్లలో చాలామంది లోపలికి దిగడానికి వెనుకాడారు. అన్నదమ్ములు దిగారు. కొందరిని ప్రాణాలతో, కొందరిని శవాలుగా పైకి తెచ్చారు. మోర్గాన్ మళ్లీ మళ్లీ దిగాడు. ఆ తర్వాత సాహసానికి ఇచ్చే పెద్ద పతకాలు ఇతరులకు దక్కాయి, ఆయనకు దక్కలేదు. నగర పౌరులు కొందరు చందాలు వేసుకుని బంగారు పతకం ఇచ్చారు. నగర మేయరుకు ఆయన రాసిన ఉత్తరంలో ఆ అన్యాయాన్ని దాచుకోకుండా అడిగాడు. పైగా కనిపెట్టినవాడు నల్లవాడని పత్రికల ద్వారా తెలిశాక కొన్ని ఊళ్లు ఆర్డర్లు రద్దు చేసుకున్నాయి. తొడుగు అదే, ప్రాణం కాపాడే పద్ధతీ అదే, మారింది వాళ్లకు తెలిసిన రంగు ఒక్కటే.

ఇక రోడ్డు దగ్గరికి వద్దాం. వ్యాపారం బాగా సాగి మోర్గాన్ కారు కొన్నాడు. క్లీవ్‌లాండ్‌లో సొంత కారున్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే అని చెబుతారు. అప్పటి వీధి మన సంత రోజు రోడ్డులాంటిదే. గుర్రబ్బండ్లు, సైకిళ్లు, ట్రాములు, కార్లు, నడిచేవాళ్లు, అందరూ ఒకే చోట. ఒక కూడలిలో కారు, గుర్రబ్బండి గుద్దుకోవడం ఆయన చూశాడట. ఆ దృశ్యం మనసులోంచి పోలేదు.

సిగ్నళ్లు అప్పటికే ఉన్నాయి. లండన్‌లో 1868లోనే పార్లమెంటు దగ్గర గ్యాస్ దీపాల సిగ్నల్ పెట్టారు, కొన్ని వారాలకే అది పేలిపోయింది. మోర్గాన్ ఉన్న క్లీవ్‌లాండ్‌లోనే 1914 ఆగస్టు 5న కరెంటు సిగ్నల్ వచ్చింది. 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసు అధికారి ఎరుపు, పసుపు, పచ్చ మూడు దీపాల సిగ్నల్ నిలబెట్టాడు. కాబట్టి పసుపు దీపం మోర్గాన్‌ది అనడం సరికాదు. మనవాడు అని అభిమానం ఉన్నంత మాత్రాన లేనిది అంటగట్టడం ఆయనకు గౌరవం కాదు.

ఆయన చేసింది ఇది. ఆనాటి సిగ్నళ్లు చాలావాటిలో ఆగు, వెళ్లు, ఈ రెండే ఉండేవి. ఒక వైపు ఆగు పడిన క్షణంలోనే అడ్డవైపు వెళ్లు పడుతుంది. కూడలి మధ్యలో ఉన్న బండి గతి ఏమిటి? సగం దాటిన ముసలమ్మ గతి ఏమిటి? మోర్గాన్ ఇంగ్లీషు టి అక్షరంలాంటి స్తంభం తయారుచేశాడు. దాని చేతుల మీద ఆగు, వెళ్లు అని రాసి ఉంటుంది. పోలీసు కింద నిలబడి మరతో తిప్పుతాడు. ఒక దిక్కును ఆపి ఇంకో దిక్కును వదిలే ముందు చేతులు పైకి లేస్తాయి. అప్పుడు నాలుగు దిక్కులా ఆగాలి. కూడలి ఖాళీ అవుతుంది, నడిచేవాళ్లు దాటుతారు. ఆ తర్వాతే రెండో దిక్కుకు దారి. రాత్రి రద్దీ లేనప్పుడు చేతుల్ని సగం ఎత్తి వదిలేస్తే చాలు, వచ్చేవాళ్లు జాగ్రత్తగా చూసుకుని పోవాలని అర్థం. ఈరోజు రాత్రిపూట కూడళ్లలో మిణుకుమనే పసుపు దీపం చెప్పేదీ ఇదే. పరీక్షలో ఇది అడుగుతారు. మిణుకుమనే పసుపుకు వేగం తగ్గించి జాగ్రత్తగా పోవాలి, మిణుకుమనే ఎరుపుకు పూర్తిగా ఆగి చూసుకుని పోవాలి.

1923 నవంబర్ 20న ఈ సిగ్నల్‌కు అమెరికా పేటెంటు వచ్చింది. హక్కుల్ని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 40 వేల డాలర్లకు అమ్మాడని ఆయన జీవిత చరిత్రల్లో రాశారు. కారున్న సేటు, గుర్రబ్బండి తోలేవాడు, కాలినడకన పోయే కూలీ, ఎవరైనా సరే అందరూ ఒకేసారి ఆగే క్షణం ఒకటి ఉండాలని ఆలోచించినవాడు, హోటల్లో, రైల్లో, బడిలో తనను వేరుగా కూర్చోబెట్టిన దేశంలో పుట్టినవాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. నాకు మాత్రం ఉందనిపిస్తుంది.

సంపాదించింది ఇంట్లో పెట్టుకోలేదు. 1908లోనే క్లీవ్‌లాండ్‌లో నల్లజాతివారి సంఘం పెట్టినవారిలో ఒకడు, దాని కోశాధికారి. 1920లో నల్లజాతివారి కోసం క్లీవ్‌లాండ్ కాల్ అనే వారపత్రిక స్థాపించాడు. తెల్లవారి క్లబ్బుల్లోకి రానివ్వని తనవాళ్ల కోసం ఊరి బయట పొలం కొని క్లబ్బు కట్టాడు. 1931లో నగర కౌన్సిల్‌కు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి ఓడిపోయాడు. 1943 నుంచి నీటికాసుల జబ్బుతో చూపు దాదాపు పోయింది. తాను నిలబెట్టిన ఆలోచన లోకమంతా రంగు దీపాలై వెలుగుతున్న ఇరవై ఏళ్లూ ఆయన వాటిని సరిగా చూడలేకపోయాడు. 1963 జూలై 27న, 86 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్‌లో చనిపోయాడు. ఆయన మనుషుల్ని మోసుకొచ్చిన ఆ నగరపు నీటి శుద్ధి కేంద్రాల్లో ఒకటి ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

మన దేశంలో మోటారు బండ్లకు మొదటి కేంద్ర చట్టం 1914లో, తర్వాత 1939లో, ఇప్పుడున్నది 1988లో వచ్చాయి. బండి నడిపే నియమాలను 2017లో మళ్లీ రాశారు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను 2019లో ఎత్తేశారు. మన ఊళ్లలో మధ్యలో చదువు మానేసిన అన్నలు చాలామందికి అది దారి తెరిచింది. కానీ ప్రశ్నలు పోలేదు. గుండ్రటి బోర్డు ఆజ్ఞ, మూడు మూలల బోర్డు హెచ్చరిక, పలకలాంటి బోర్డు సమాచారం. ఆగు అన్నదానికి మాత్రం ఎనిమిది మూలలు, దారి ఇవ్వు అన్నదానికి తలకిందుల త్రికోణం. బురద పడి అక్షరం కనిపించకపోయినా ఆకారాన్ని బట్టి తెలుసుకోవడానికే ఇలా పెట్టారు. బట్టీ పట్టకుండా ఎందుకు పెట్టారో తెలుసుకుంటే మరచిపోరు.

సెలవు రోజుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు మెస్ ముందు సిమెంటు నేల మీద సుద్దముక్కతో నాలుగు రోడ్ల కూడలి గీస్తాను. సిగ్నల్ ఉండదు, పోలీసు ఉండడు, మన ఊళ్ల దగ్గర చాలా కూడళ్లు అంతే కదా. ఒక తమ్ముడు టిప్పర్, ఒకడు ఆటో, ఒకడు ఎడ్లబండి. ముందు ఎవరు పోవాలి? మెయిన్ రోడ్డు మీద వచ్చేవాడికి దారి ఇవ్వాలి, రెండూ ఒకే రకం రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చేవాడికి ఇవ్వాలి. టిప్పర్ అయిన తమ్ముడు ఎప్పుడూ ఒప్పుకోడు, పెద్ద బండి తనదేనంటాడు. పోయినసారి ఆరో తరగతి పిల్లవాడొకడు పళ్లెం పట్టుకుని అన్నానికి పోతూ సరిగ్గా ఆ గీతల మధ్యలోకి వచ్చాడు. ముగ్గురూ ఆగిపోయారు. వాడు మమ్మల్ని చూడను కూడా చూడకుండా దాటుకుని మెస్‌లోకి పోయాడు.