గుండె బలం గుట్టు విప్పిన తెలుగువాడు

మనం బ్రతికి ఉన్నామని ట్రెజరీకి ఏటా ఒకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. గుండె మాత్రం ఆ సంగతి నిమిషానికి సుమారు 72 సార్లు రుజువు చేయాలి. అంత పనికి బలం ఎక్కడి నుండి వస్తుందో తేల్చిన వారిలో ఒక తెలుగువాడున్నారు. ఆయనే కీర్తిశేషులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరిని గ్రహణి వ్యాధి బలిగొన్నది. రోగాల మూలం తెలుసుకోవాలన్న పట్టుదల వారిలో పెరిగింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించి దొరల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకున్నారు. తరువాత మామగారి ధనసహాయంతో, భార్య శేషగిరి గారిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. బోస్టన్‌లో రాత్రిళ్ళు ఆసుపత్రి పోర్టరుగా పనిచేసి పొట్ట పోసుకున్నారు.

హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి కండరాలను పరిశోధించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ గారు కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు.

గుండెలో ఈ పదార్థాల పని చూడండి. పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు. ముందు కర్ణికలు ముడుచుకొని రక్తాన్ని జఠరికలలోకి నెడతాయి. వెంటనే జఠరికలు ముడుచుకుంటాయి. కుడిది ఊపిరితిత్తులకు, ఎడమది శరీరమంతటికి రక్తాన్ని పంపుతాయి. వెనక్కు రాకుండా కవాటాలు మూసుకుంటాయి. డాక్టరు చెవికి వినపడే లబ్-డబ్ ఆ తలుపుల చప్పుడే. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 5 లీటర్లు.

ఈ ఖర్చుకు ఏ.టి.పి. చేతిలోని నగదు వంటిది. అది కొద్ది సెకన్లకే సరిపోతుంది. తరిగినప్పుడు తక్షణం భర్తీ చేసే అడ్వాన్సు ఫాస్ఫోక్రియాటిన్. అసలు రాబడి మనం తినే తిండి, పీల్చే గాలి. విచిత్రమేమంటే, ముడుచుకోవడానికే కాదు, తిరిగి వదులు కావడానికి కూడా గుండెకు ఏ.టి.పి. కావాలి. సుమారు 0.8 సెకను పట్టే ఒక్కో దెబ్బలో సగానికి పైగా సడలింపే. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది ఆ సమయంలోనే. అంటే విశ్రాంతి కూడా గుండె పనిలో భాగమే.

సుబ్బారావు గారు మాత్రం విశ్రాంతి ఎరుగరు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, తమ బృందంతో ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు హెట్రజాన్, 1948లో ఆరియోమైసిన్ లోకానికి అందించారు. ఆ 1948 ఆగస్టులోనే న్యూయార్కులో గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 53 ఏండ్లే. వెళ్ళిననాటి నుండి స్వదేశం తిరిగి చూడలేదు. శేషగిరి గారి నిరీక్షణ ఫలించనే లేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ వారి బిళ్ళ విడుదల చేసింది.

పల్నాటి సోదరులకు ఒక మనవి. గుండెలో బరువుగా ఉంటే, ఎడమ చేయి లాగితే, గ్యాసు నొప్పి అనుకొని సోడా త్రాగి పడుకోవద్దు. నరసరావుపేటలో ఉన్నా, మాచర్ల, గురజాల పల్లెలలో ఉన్నా వెంటనే 108కి ఫోను చేయించండి. రక్తం అందని కండరానికి పైన చెప్పిన రాబడి ఆగిపోతుంది. ప్రతి నిమిషమూ నష్టమే.