మనస్తత్త్వవేత్త యుంగ్ మహాశయుడు

ప్రాచ్యదేశాల విద్యను గౌరవించి, దాని ఋణాన్ని బాహాటంగా ఒప్పుకున్న పాశ్చాత్యులలో కార్ల్ గుస్టావ్ యుంగ్ ముఖ్యుడు. ఆయన జీవితాన్ని ఈ ఉగాది సంచిక పాఠక సోదర సోదరీమణులకు సంగ్రహంగా మనవి చేస్తున్నాము.

యుంగ్ 1875లో స్విట్జర్లాండు దేశాన ఒక క్రైస్తవ మతబోధకుని ఇంట జన్మించాడు. బాసెల్‌లో వైద్యం చదివి, 1900లో జూరిచ్ మానసిక వైద్యశాలలో ఉద్యోగానికి చేరాడు. 1907లో వియన్నా వెళ్లి ఫ్రాయిడ్‌ను కలుసుకున్నాడు. ఇద్దరూ కొంతకాలం తండ్రీకొడుకులవలె మెలగినా, 1913 నాటికి ఆ స్నేహం తెగిపోయింది. మిత్రులు దూరమై, మనస్సు కల్లోలమై, యుంగ్ తన కలలను తానే పరీక్షించుకోసాగాడు. ఆ సంవత్సరాలలోనే ఆయన చేతి నుండి మండలాకార చిత్రాలు వెలువడినవి. వాటి అర్థమేమో చెప్పి ధైర్యమిచ్చేవారు లేరు.

తరువాత రిచర్డ్ విల్‌హెల్మ్ అనే జర్మన్ మిత్రుడు లభించాడు. ఈయన 1899లో మతప్రచారానికి చైనా వెళ్లి, అక్కడి పండితుల వద్ద తానే శిష్యుడైనవాడు. 64 రేఖాచిత్రాలుగల 'యీ చింగ్' అనే ప్రాచీన గ్రంథాన్ని జర్మన్ భాషలోనికి తెచ్చాడు. నాణెములు వేసి, అవి పడిన తీరునుబట్టి ఆ క్షణపు స్వభావాన్ని గ్రహించడం ఆ గ్రంథాన్ని వాడే పద్ధతులలో ఒకటి.

1928లో యుంగ్ నడుమ బంగారు కోటగల మండలమొకటి చిత్రించాడు. అది చైనా చిత్రమువలె తోచి ఆయనకే ఆశ్చర్యం కలిగింది. కొద్దికాలానికే విల్‌హెల్మ్ నుండి 'స్వర్ణపుష్ప రహస్యము' అనే చైనా యోగగ్రంథపు వ్రాతప్రతి టపాలో వచ్చింది. తాను ఒంటరిగా వెదుకుతున్నదే అందులో కనిపించింది! విల్‌హెల్మ్ అనువాదమూ యుంగ్ వ్యాఖ్యానమూ కలిసి 1929లో అచ్చయినవి. మరుసటి ఏడే విల్‌హెల్మ్ కన్నుమూశాడు.

మా రైల్వేవారి భాషలో చెబుతాము. జంక్షనులో రెండు బండ్లు కలిస్తే దానికి టైంటేబులు కారణం. ఏ టైంటేబులూ లేకుండానే మనస్సులోని విషయమూ బయటి సంఘటనా ఒకే అర్థంతో కలిస్తే? అట్టి కలయికకు యుంగ్ 'సింక్రొనిసిటీ' అని పేరుపెట్టి, 1952లో భౌతికశాస్త్రజ్ఞుడు పౌలీ వ్యాసంతో కలిపి తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. విజ్ఞానశాస్త్రం దీనిని నిరూపిత సత్యంగా అంగీకరించలేదు. అయినా యాదృచ్ఛికమని త్రోసివేసే ఘటనలను గూర్చి మరల ఆలోచింపజేసింది.

1961లో యుంగ్ పరమపదించాడు. చైనా విద్యను అంతగా ఆదరించినా, ఐరోపావారు చైనీయులను అనుకరించరాదనీ, తమ వేళ్లమీదనే తాము పెరగాలనీ ఆయన హెచ్చరించాడు. ఇరుగుపొరుగు భాషల నడుమ తరతరాలుగా కాపురముంటున్న మన కుటుంబాలకు ఈ హితవు చక్కగా వర్తిస్తుంది. పొరుగువారి మంచిని మనసారా నేర్చుకుందాము. మన ఇంటి తెలుగును విడువకుందాము.