జీతపు రాళ్లకు లొంగని సిపాయి

మంగళ్ పాండే పేరు తెలియనివారు మనలో ఉండరు. ముప్ఫై ఏళ్లకు పైగా పైఅధికారి మాట జవదాటకుండా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక, నేను మాత్రం ఆయనను నెలకు 7 రూపాయల కంపెనీ ఉద్యోగిగానే తలచుకుంటాను.

బలియా ప్రాంతీయుడైన పాండే 1849లో సైన్యంలో చేరాడు. 34వ బెంగాల్ పదాతి దళంలో సిపాయి. కొత్త ఎన్‌ఫీల్డ్ తుపాకుల తూటాలకు ఆవు, పంది కొవ్వు పూశారన్న వార్త హిందూ, ముస్లిం సిపాయిలిద్దరినీ కలతపెట్టింది. తూటాను పళ్లతో కొరకాలి మరి. 1857 మార్చి 29న కలకత్తా దగ్గర బారక్‌పూర్ కవాతు మైదానంలో పాండే తిరగబడి ఇద్దరు ఆంగ్లేయులను గాయపరిచాడు. అతణ్ణి పట్టుకోమన్న ఉత్తర్వును జమేదార్ ఈశ్వరీ ప్రసాద్ పాటించలేదు. అడ్డుపడిన సిపాయి షేక్ పల్టూకు హవల్దారుగా ప్రమోషన్ వచ్చింది. పాండే తనను తాను కాల్చుకున్నా ప్రాణం పోలేదు. విచారణలో తోటివారి పేరు ఒక్కటీ చెప్పలేదు. ఏప్రిల్ 8న ఆయనను, 21న ఈశ్వరీ ప్రసాద్‌ను ఉరితీశారు. మే 6న బారక్‌పూర్‌లోని ఆ పటాలాన్ని రద్దుచేశారు. నాలుగు రోజులకే మీరట్ భగ్గుమంది.

1984లో మన తపాలా శాఖ పాండే స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. ఈశ్వరీ ప్రసాద్‌ను తలచేవారు తక్కువ. మెమో అంటేనే గుండె దడదడలాడిన మనకు, ఉత్తర్వు విని కదలకుండా నిలబడడానికి ఎంత ధైర్యం కావాలో తెలుసు. ఆ జమేదారుకూ ఒక నమస్కారం.