మొక్కు మరువని సోక్రటీసు

ధ్వజారోహణ జరిగిన తరువాత ఉత్సవం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటరాదన్న నియమాన్ని మీ ఇంటి పెద్దలు పాటించగా మీరు చూసే ఉంటారు. అటువంటి ఉత్సవ నియమమే ఒకటి పూర్వం గ్రీసు దేశంలోని ఏథెన్స్ నగరంలో, మరణశిక్ష పడిన ఒక వృద్ధునికి మరో నెల రోజుల ఆయువును ప్రసాదించింది. ఆ వృద్ధుడు సోక్రటీసు.

ఆ పేరు మీరు పాఠశాలలోనే విని ఉంటారు. తర్కంతో అందరినీ నిలదీసిన నాస్తికుడని కొందరి తలంపు. యౌవనంలో నాదీ అదే అభిప్రాయం. ఆయన చివరి దినాల వృత్తాంతం చదివిన తరువాత అది నిలువలేదు.

ఆయన జననం క్రీ.పూ. 470 ప్రాంతం. తండ్రి శిల్పి, తల్లి మంత్రసాని. తల్లి శిశువులకు పురుడు పోస్తే తాను మనుషుల ఆలోచనలకు పురుడు పోస్తున్నానని ఆయన చెప్పుకునేవాడు. సైనికుడై మూడు దండయాత్రలలో పాల్గొన్నాడు. ఒంటిపై ఒకే వస్త్రం, కాళ్లకు చాలావరకు చెప్పులు లేని నడక. ఒక్క గ్రంథమూ రాయలేదు. ప్లేటో, జెనోఫన్ అనే శిష్యుల వల్లనే ఆయన మనకు దక్కాడు. చేయరాని పనికి పూనుకుంటే వారించే అంతర్వాణి ఒకటి చిన్ననాటి నుండి ఆయనకు వినబడేది.

డెల్ఫీ క్షేత్రంలో అపోలో దేవుని వాక్కు పలికే పూజారిణి, సోక్రటీసును మించిన జ్ఞాని లేడన్నది. ఆయన పొంగిపోలేదు, కలవరపడ్డాడు. ఆ వాక్కుకు అర్థమేమిటో తేల్చుకోవడానికి రాజకీయవేత్తలను, కవులను, చేతిపనివారిని ప్రశ్నిస్తూ తిరిగాడు. తనకు తెలియదన్న సంగతి తనకు తెలియడమే తన జ్ఞానమని గ్రహించాడు. ఆ ప్రశ్నలే శత్రువులను తెచ్చిపెట్టాయి. నగర దేవతలను అంగీకరించడని, కొత్త దైవాలను తెస్తున్నాడని, యువకులను చెడగొడుతున్నాడని క్రీ.పూ. 399లో అభియోగం మోపారు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు. సుమారు 500 మంది న్యాయనిర్ణేతలలో ముప్పై మంది అటు నుండి ఇటు మారి ఉంటే విడుదలయ్యేవాడు. దేవుని పేరిట అటువంటి తీర్పు చెప్పినవారిని సమర్థించడానికి, దైవసేవలోనే బ్రతుకు గడుపుతున్న నాకు నోరు రాదు.

విచారణకు ముందురోజే ఒక నౌకకు అపోలో పూజారి పూలమాల అలంకరించాడు. పూర్వం థీసియస్ అనే వీరుడు పద్నాలుగు మంది యువతీయువకులను మృత్యుముఖం నుండి కాపాడినందుకు, మొక్కుబడిగా ఏటా డీలోస్ ద్వీపంలోని అపోలో సన్నిధికి వెళ్లే నౌక అది. అది తిరిగి వచ్చేవరకు నగరం శుచిగా ఉండాలి, ఎవరినీ వధించరాదు. ఎదురుగాలుల వల్ల నౌక ఆలస్యమైంది.

సంకెళ్లలో ఉన్న సోక్రటీసు ఆ నెల రోజులు ఏం చేశాడో తెలుసా? సంగీతసాధన చేయమని తనకు పలుమార్లు కల వచ్చిందట. జీవితమంతా చేసిన తత్త్వవిచారమే ఆ సాధన అనుకున్నాడు. ఒకవేళ దైవాజ్ఞను అపార్థం చేసుకున్నానేమో అన్న శంకతో, ఎవరి ఉత్సవం తన మరణాన్ని ఆపిందో ఆ అపోలోపై స్తోత్రం రచించాడు. పిదప ఈసప్ కథలను పద్యాలుగా మార్చాడు. తప్పించుకుపోయే మార్గం సిద్ధమైందని మిత్రుడు క్రీటో బ్రతిమాలినా, తల్లిదండ్రుల వలె పెంచిన నగర ధర్మాలను ధిక్కరించనన్నాడు.

నౌక వచ్చింది. చివరి సాయంకాలం, తన శవానికి స్నానం చేయించే శ్రమ స్త్రీలకు లేకుండా తానే స్నానం చేశాడు. విషపాత్ర అందుకొని, అందులో నుండి దేవతలకు కొంత ధారపోయవచ్చునా అని అడిగాడు. సరిపడేంతే నూరామని భటుడు చెప్పగా, తన ప్రయాణం శుభప్రదం కావాలని ప్రార్థించి తాగాడు. శిష్యులు విలపిస్తే మందలించాడు.

పాదాల నుండి చల్లదనం పైకి పాకింది. ముఖంపై కప్పుకున్న వస్త్రాన్ని తొలగించి, ఆరోగ్యప్రదాత అయిన అస్క్లీపియస్ దేవునికి ఒక కోడిపుంజు బాకీ ఉన్నామని, మరువక చెల్లించమని క్రీటోకు చెప్పాడు. రోగం నయమైనవారు ఆ దేవునికి చెల్లించే మొక్కు అది. మన గ్రామదేవతల మొక్కుల వంటిదే. దీనికి పండితులు ఎన్నో భాష్యాలు చెప్పారు. నాకు మాత్రం దైవానికి బాకీ పడరాదన్న నిష్ఠే కనబడుతుంది.

తప్పక చెల్లిస్తానన్నాడు క్రీటో. ఇంకేమైనా చెప్పవలసింది ఉన్నదా అని అడిగాడు. బదులు రాలేదు. క్రీటో ఆయన కళ్లు, నోరు మూశాడు.