కవి జాషువా జీవితము – విశ్వాసి చదువవలసినదేమి?



విశ్వాసి ఏమి చదువవచ్చును, ఏమి చూడవచ్చును అనే ప్రశ్న మన బొమ్మనహళ్ళి ఇండ్లలో తరచుగా వచ్చేదే. మనము సొంత ఊరు విడిచి, హోసూరు రోడ్డు చుట్టుపక్కల గార్మెంట్స్ ఫ్యాక్టరీలలో, కట్టడపు పనులలో, ఆఫీసులలో బ్రతుకుతెరువు వెదుక్కున్నవారము. పెద్దలు డ్యూటీ ముగించి ఇల్లు చేరేసరికి పిల్లల చేతిలో ఫోను ఉంటుంది. సినిమా, సీరియలు, పాట, ప్రసంగము అన్నీ అందులోనే. బడి పుస్తకములో పురాణ కథ వచ్చినది, చదువవచ్చునా అని బిడ్డ అడిగితే ఏమి చెప్పాలో కొందరికి తోచదు. అన్నిటినీ వద్దనుట ఒక దారి. దేనినీ పట్టించుకొనక వదిలివేయుట మరొక దారి. ఈ రెండూ కాక వేరొక దారి ఉన్నదా? ఈ ప్రశ్నకు తన జీవితములో పెద్ద వెల చెల్లించిన ఒక తెలుగు కవిని గూర్చి ఈసారి తెలిసికొందము. ఆయన గుర్రం జాషువాగారు.

బాల్యము, ఉద్యోగము

జాషువాగారు 1895 సెప్టెంబరు 28న నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ కులస్థురాలు. కులములు వేరైనను క్రైస్తవ విశ్వాసమే ఆ ఇంటిని కట్టినది. అయినను ఊరు మాత్రము ఆ బాలుని అంటరానివాడుగానే చూచినది.

బొమ్మలు గీయుట, పాటలు పాడుట చిన్ననాటి నుండి ఆయనకు ఇష్టము. తరువాత కవిగా పేరు పొందిన దీపాల పిచ్చయ్యశాస్త్రిగారు ఆయనకు బాల్య స్నేహితుడు. ఆ స్నేహమే ఆయనను పద్యము వైపు త్రిప్పినది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారి యొద్ద కాళిదాసు రచించిన మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదువుకున్నారు. కులము అడ్డమున్న ఆ దినములలో నేర్పినవాని ధైర్యమూ నేర్చుకున్నవాని పట్టుదలా రెండూ గొప్పవే.

1910లో మేరీగారితో వివాహమైనది. కొంతకాలము మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై పనిచేశారు. ఆ ఉద్యోగము పోయిన తరువాత రాజమండ్రి వెళ్ళి, 1915–16 ప్రాంతములో సినిమా హాలులో వాచకుడుగా చేరారు. అప్పటి బొమ్మలకు మాటలు లేవు. తెరమీద కథ నడుస్తూ ఉంటే, ప్రక్కన నిలిచి ఆ కథనూ సంభాషణలనూ ప్రేక్షకులకు చదివి వినిపించుటే ఆయన పని. సినిమాను లోకసంబంధమైనదిగా మన పెద్దలు ఎంచిన కాలమది. ఆయనకు మాత్రము అది కూడు పెట్టిన పని.

తరువాత గుంటూరులోని లూథరన్ మిషను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో సుమారు పది సంవత్సరములు బోధించారు. ఉభయభాషా ప్రవీణ పరీక్షలో ఉత్తీర్ణులై, 1928 నుండి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితుడుగా పనిచేశారు.

రెండు ప్రక్కల నుండి నింద

జాషువాగారు తొలి దినములలో రుక్మిణీ కళ్యాణము, కుశలవోపాఖ్యానము, ధ్రువ విజయము వంటి పురాణ కథలను పద్యములలో వ్రాశారు. వీటి మూలముగా ఆయనకు రెండు ప్రక్కల నుండియు శ్రమ కలిగినది.

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన తన పద్యములు చదివినప్పుడు, తక్కువ కులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చారని కొందరు అవమానించారు. ఈ గ్రంథములు మావి, నీకు వాటిని ముట్టే అర్హత లేదన్నదే ఆ మాటలోని భావము. ఇటు స్వజనులైన క్రైస్తవ పెద్దలు, క్రైస్తవుడై యుండి హిందూ పురాణములపై రచనలు చేయుచున్నాడని కోపించారు. ఆయన కుటుంబమును సంఘము నుండి వెలివేశారు. ఒకరు కులము చూచి తలుపు మూశారు. మరొకరు మతము చూచి మూశారు.

ఆనాటి పెద్దల భయమును కూడ మనము న్యాయముగా చూడవలెను. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి కాలములో, 1878 జూలై 3న, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. జాషువాగారు పుట్టుటకు అప్పటికి పదిహేడేండ్లే ఉన్నవి. అనగా పాత ఆచారములను విడిచి వచ్చిన మొదటి తరమువారు ఇంకా బ్రతికియున్న కాలమది. తిరిగి వెనుకకు వెళ్ళిపోతారేమో అనే దిగులు వారికి సహజమే. అయితే ఆ దిగులులో వారు వ్రాతలోని పేర్లను చూచారు గాని, వ్రాసినవాని హృదయమును పరిశీలించలేదు. దాని ఫలితముగా ఆయన సంఘమునకు దూరమయ్యారు. నాస్తికుడయ్యారని చెప్పేవారు కూడ ఉన్నారు. ఒక గొప్ప తలాంతు కలిగిన బిడ్డను సంఘము తన చేతులతోనే బయటికి పంపివేసినది. ఇది మనము ఊరకే దాటిపోవలసిన సంగతి కాదు.

చదివినది ఏమైనది?

చదువు ఎట్టిదో దాని ఫలములను బట్టి తెలిసికొనవలెను. కాళిదాసు మేఘసందేశములో, భార్యకు దూరమైన యక్షుడు మేఘముచేత వర్తమానము పంపుతాడు. దానిని చదివిన జాషువాగారు 1941లో గబ్బిలము వెలువరించారు. అందులో వర్తమానము పంపేవాడు దక్షిణదేశపు అరుంధతీ కులమునకు చెందిన నిరుపేద. గుడిలోనికి అతనికి ప్రవేశము లేదు, గబ్బిలమునకు ఉన్నది. కనుక రాత్రివేళ తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలముతోనే కాశీలోని శివునికి తన ఆకలినీ అవమానమునూ చెప్పి పంపుతాడు. కాళిదాసు యొద్ద నేర్చుకున్న పద్ధతిని ఆయన తీసికొన్నారు. మనిషిని మనిషి అంటరాదనే మాటను మాత్రము త్రోసివేశారు. చదువుటలో వివేచన అంటే ఇదే.

1932లో వచ్చిన ఫిరదౌసిలో, రాజు మాట తప్పగా మోసపోయిన పారశీక కవి దుఃఖమును వ్రాశారు. శ్మశానమును గూర్చి ఆయన చెప్పిన పద్యములను హరిశ్చంద్ర నాటకములోని కాటి సీనులో నటులు పాడగా, మన ఊళ్ళలో చదువురాని వారు కూడ విని కన్నీరు కార్చారు. రాజూ పేదా చివరకు ఒకే మట్టిలో కలియుదురనే సత్యము ఆ రాత్రులలో అనేకుల హృదయమును తాకినది.

కాలక్రమమున లోకము ఆయనను గుర్తించినది. మహాపండితులైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు తామే ఆయన కాలికి గండపెండేరము తొడిగారు. నవయుగ కవిచక్రవర్తి అని ప్రజలు పిలిచారు. 1957–59లలో మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు.

క్రీస్తు చరిత్ర

సంఘము వెలివేసిన ఈ కవియే 1958లో క్రీస్తు చరిత్ర ప్రచురించారు. పశువుల పాకలో పుట్టి, పాపులతో భుజించి, కుష్ఠరోగిని ముట్టి, సిలువపై మరణించిన ప్రభువు కథను తేట తెలుగు పద్యములలో వ్రాశారు. ముట్టరానివాడని అనిపించుకున్నవానికి, ముట్టి స్వస్థపరచిన ప్రభువు ఎంత దగ్గరివాడో మనము ఊహించుకొనవచ్చును. ఈ గ్రంథమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అదే సంవత్సరము ఆయన శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ బిరుదు వచ్చినది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఒక విషయము గమనించండి. ఏ పద్యవిద్య నిమిత్తము ఆయనను నిందించారో, ఆ విద్యతోనే ఆయన క్రీస్తును తెలుగు సాహిత్యములో కూర్చుండబెట్టారు. చిన్ననాడే ఆ పుస్తకములు మూసివేసి యుంటే క్రీస్తు చరిత్ర మనకు ఉండేది కాదు.

లేఖనముల వెలుగులో

దానియేలు మనవలెనే పరదేశములో బ్రతికినవాడు. బబులోనులో మూడు సంవత్సరములు కల్దీయుల భాషనూ విద్యనూ నేర్చుకున్నాడు. కాని రాజు భోజనము దగ్గర గీత గీసికొన్నాడు. ఏది నేర్చుకొనవలెనో, ఏది ముట్టకూడదో అతనికి తెలుసు. పౌలు ఏథెన్సులో ఆ ఊరి కవుల మాటలనే ఎత్తి సువార్త చెప్పాడు. చదువకపోతే ఎత్తగలడా? ఎఫెసులో యాబదివేల వెండి రూకల విలువగల పుస్తకములను కాల్చివేశారు గదా అని మీరు అడుగవచ్చును. నిజమే. అయితే అవి మాంత్రిక విద్య పుస్తకములు. వాటిని కాల్చినవారు ఇతరుల పుస్తకములను లాగుకొని కాల్చలేదు. మారుమనస్సు పొంది తమ స్వంతవాటిని తామే తెచ్చారు.

కాబట్టి అన్నియు చదువవచ్చును, అన్నియు చూడవచ్చును అని మేము చెప్పుట లేదు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము ఎనిమిదవ వచనము మనకు కొలబద్దగా ఉన్నది. పుస్తకము గాని, సినిమా గాని, ఫోనులోని వీడియో గాని ముగిసిన తరువాత మనలను మనము ప్రశ్నించుకొందము. ఇందులో సత్యమున్నదా? దీని వలన ఒక మనిషిని గాని, కులమును గాని, స్త్రీని గాని చులకనగా చూచే బుద్ధి నాలో పెరిగినదా? దీనిని నా బిడ్డల ప్రక్కన కూర్చుండి చూడగలనా? క్రైస్తవ పేరు పెట్టుకొని వచ్చే వీడియోలను సహితము ఈ ప్రశ్నలతోనే పరీక్షించవలెను. పేరు మంచిదైనంత మాత్రమున లోపలి సరుకు మంచిది కానక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఫోను లాగుకొనుటకు ముందు, బిడ్డ ఏమి చూచుచున్నాడో ప్రక్కన కూర్చుండి చూడండి, అడగండి, మాటలాడండి. బెంగుళూరులో పెరిగే మన పిల్లలలో అనేకులకు తెలుగు అక్షరములు రావు. వారికి వారానికి ఒక సాయంకాలము బైబిలు తెలుగులో చదివి వినిపించండి. దానితోపాటు క్రీస్తు చరిత్రలోని నాలుగు పద్యములు కూడ వినిపించండి. సంఘ పెద్దలకు కూడ ఒక మనవి. ఒక యౌవనస్థుని చేతిలో మనకు తెలియని పుస్తకము కనబడితే తీర్పు తీర్చుటకు ముందు అతనితో కూర్చుండి దానిని చదువండి. మన మధ్య మరియొక జాషువా ఉండవచ్చును. అతడు బయట నిలిచి వ్రాయవలసిన అగత్యము మరల రాకూడదు.

ప్రభువు మనకందరికి అట్టి వివేచననూ ప్రేమనూ అనుగ్రహించును గాక. ఆమేన్.