తరిగొండ వెంగమాంబ

ప్రేమింపబడవలెననియు, తన దారి తానే నిర్ణయించుకొనవలెననియు, తనవారనదగినవారు ఉండవలెననియు కోరుట యౌవనమునకు సహజము. ఈ మూడింటికొరకు మన చిత్తూరు సీమలో ఒంటరిగా నిలిచిన యువతి తరిగొండ వెంగమాంబ.

వాయల్పాడు సమీపమునగల తరిగొండ గ్రామమున 1730లో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు ఆమె జన్మించెను. నాటి ఆచారము ననుసరించి చిన్నవయసుననే ఇంజేటి వెంకటాచలపతితో వివాహము జరిగెను. అతడు అచిరకాలములోనే గతించెను. భర్తను కోల్పోయిన బాలిక తల గొరిగించుకొని, పసుపుకుంకుమలు విడిచి, మూల కూర్చుండవలెనని పెద్దలు శాసించిరి. వెంగమాంబ సమ్మతింపలేదు. శ్రీవేంకటేశ్వరుడే తన పతియని నమ్మి, సుమంగళివలెనే మెలగెను. బంధువులు నిందించిరి, గ్రామస్థులు హేళన చేసిరి. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి మాత్రము ఆమెను శిష్యురాలిగా స్వీకరించి యోగవిద్య నుపదేశించెను.

పుట్టిన యూరు ఇముడ్చుకొనలేని ఆమె తిరుమల చేరెను. తుంబురు కోనలో ఏకాంతముగా తపస్సు చేసెనని ప్రతీతి. వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము, రాజయోగామృతసారము, అనేక యక్షగానములు రచించెను. వానిలో శివనాటకము కూడ ఉండుట మనకు ప్రీతికరము. స్వామికి ఆమె యిచ్చిన ముత్యాలహారతి నేటికిని ఆమె పేరనే సాగుచున్నది. 1817లో తిరుమలలోనే దేహము చాలించెను. ఆమె బృందావనము అచ్చటనే యున్నది.

ఈ కథ వినగానే మనకు అక్కమహాదేవి స్మరణకు వచ్చును. ఆమెయు చెన్నమల్లికార్జునుని పతిగా వరించి ఇల్లు విడిచినదే. కాని అక్క కల్యాణము చేరునప్పటికి అచ్చట బసవేశ్వరుని అనుభవమంటపము ఉండెను. అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించెను, పరీక్షించెను, పిదప శరణులందరు తమలో ఒకతెగా గౌరవించిరి. ఆమె శ్రీశైల కదళీవనమునకు ఏగినది వెలివేయబడినదిగా కాదు, అక్కగా. వెంగమాంబకు తరిగొండలో అట్టి మంటపము లేకపోయెను.

2011లో తిరుమలలో ప్రారంభమైన నిత్యాన్నదాన భవనము వెంగమాంబ పేరనే వెలసినది. అచ్చట కుల గోత్రములడుగక వేలాది జనులకు అన్నము పెట్టుచున్నారు. ఊరిలో చోటు దొరకని బాలిక పేర నేడు ఎల్లరకును చోటు దొరకుచున్నది. అయినను ఆ గౌరవము రెండు శతాబ్దములు ఆలస్యముగా వచ్చినది.

మన యిండ్లలోను బిడ్డలు పెద్దల మాటకు ఎదురుచెప్పు దినము వచ్చును. ఆ దినమున వారిని ప్రశ్నించుట తప్పుగాదు, అల్లముడును ప్రశ్నించెను. ప్రశ్నించిన పిదప తలుపు తెరచి యుంచుటయే అనుభవమంటపము నేర్పిన మర్యాద. మఠములకును గృహములకును ఇది సమానధర్మము.