సముద్రం అడుగున ఫొటో తీసిన లూయీ బూటాన్

వంశధారకు వరద వచ్చినప్పుడు కళింగపట్నం ఒడ్డున నిలబడి చూస్తే నది ఎక్కడ ముగిసిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియదు. ఎర్రమట్టి నీరు దూరం దాకా పోతూనే ఉంటుంది. ఆ సముద్రంలో దిగి చేపల్నీ గుల్లల్నీ ఫొటో తీయాలని మన విద్యార్థి మిత్రులు కొందరికి కోరిక పుట్టింది. ఏ డిజిటల్ కెమెరా కొనమంటారని నన్ను అడుగుతున్నారు. ఏదో ఒక కంపెనీ పేరు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ కెమెరా సంగతికి ముందు ఒక మనిషి సంగతి చెప్పాలని నాకనిపించింది.

ఆయన లూయీ బూటాన్. పేరు వినగానే హిమాలయాల్లోని దేశం గుర్తుకొస్తుంది గానీ ఈయన ఫ్రెంచివాడు. 1859లో వెర్సాయ్‌లో జన్మించాడు. వృత్తిరీత్యా జంతుశాస్త్రజ్ఞుడు. నత్తజాతి జీవుల మీద పరిశోధన చేశాడు. ఫ్రాన్సుకు దక్షిణాన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరలో, బన్యూల్స్ అనే ఊళ్లో అరాగో ప్రయోగశాల ఉంది. అక్కడ ఆయన ఇత్తడి శిరస్త్రాణం, బరువైన రబ్బరు దుస్తులు తొడుక్కుని సముద్రంలోకి దిగేవాడు. పైనున్న పడవలోంచి మనుషులు పంపుతో గాలి కొడుతూ ఉండాలి. కింద తాను చూసిన దృశ్యాన్ని పైకి వచ్చాక మాటల్లో చెప్పలేకపోవడం ఆయనను బాధించింది. అందుకే ఫొటో కావాలనుకున్నాడు. అది సరదా కోసం పుట్టిన కోరిక కాదు, చదువు కోసం పుట్టిన అవసరం.

అంతకు ముందు ఇంగ్లండులో విలియం థాంప్సన్ అనే ఆయన 1856లో కెమెరాను పెట్టెలో పెట్టి నీళ్లలోకి దించి ఒక ఫొటో తీయించాడు. అయితే తాను పడవలోనే ఉన్నాడు. బూటాన్ 1893లో తానే కెమెరాతో పాటు కిందికి దిగాడు. ఆయన సోదరుడు ఆగస్టు ఇంజనీరు. అతడి సాయంతో నీరు చొరని రాగి పెట్టె తయారైంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రతి పది మీటర్ల లోతుకూ నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. పెట్టెలో మామూలు గాలే ఉంటే బయటి ఒత్తిడికి పెట్టె నలిగిపోవచ్చు, సందుల్లోంచి నీరు దూరవచ్చు. దీనికి బూటాన్ పెట్టెకు గాలి నింపిన రబ్బరు బుడగ తగిలించాడు. లోతుకు పోయేకొద్దీ నీరు బుడగను నొక్కుతుంది, బుడగలోని గాలి పెట్టెలోకి పోతుంది, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సరితూగుతుంది. ఎంత తేలికైన ఉపాయమో చూడండి!

ఇప్పటి కెమెరా పెట్టెలకు ఆ బుడగ లేదు. గట్టి ప్లాస్టిక్కో అల్యూమినియమో ఉండి, మూత చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. మొత్తం ప్రాణమంతా ఆ రింగులోనే ఉంది. ఒక ఇసుక రేణువో, ఒక వెంట్రుకో దాని మీద పడితే చాలు, కెమెరా ఉప్పునీటి పాలు. కాబట్టి కొత్త పెట్టెను ముందు కెమెరా లేకుండా నీటిలో ముంచి చూడాలి. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లలో కడగాలి. ఒడ్డున ఇసుకగాలిలో మూత తెరవడం మాత్రం వద్దే వద్దు. పెట్టె అక్కర్లేకుండా నీళ్లలో దిగే చిన్న కెమెరాలు కూడా ఉన్నాయి. ఎన్ని మీటర్ల వరకు తట్టుకుంటుందో చూసి కొనాలి. కొత్తవారికి అవే మేలని నా అభిప్రాయం.

బూటాన్‌ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది వెలుతురు. సూర్యకాంతిని నమ్ముకుంటే ఒక్కో ఫొటోకు అరగంట వరకు లెన్సు తెరిచి ఉంచాల్సి వచ్చేది. అరగంట కదలకుండా ఉండే చేప ఎక్కడుంది! షోఫూర్ అనే విద్యుత్ ఇంజనీరు గాజుబుడ్డిలో ఆక్సిజను నింపి, అందులో మెగ్నీషియం తీగ పెట్టి వెలిగించే దీపం చేసి ఇచ్చాడు. అది నిలకడగా వెలగలేదు సరికదా, బుడ్డి పేలిపోయే ప్రమాదమూ ఉండేది. తర్వాత పెద్ద పీపాలో ఆక్సిజను కలిపిన గాలి నింపి, దానిపైన గాజు గంట కింద స్పిరిటు దీపం పెట్టారు. రబ్బరు బంతి నొక్కితే మెగ్నీషియం పొడి మంట మీదికి ఎగిరి భగ్గున వెలుగుతుంది. ఆ పీపాను నీళ్లలోకి దించడానికి ఎంత బరువు కట్టాలో ఊహించుకోండి. చివరికి 1899లో బ్యాటరీలతో వెలిగే ఆర్క్ దీపాలను నీళ్లలోకి దించి, పైనుంచే కెమెరాను నడిపి, 50 మీటర్ల లోతున ఫొటో తీయగలిగాడు. అదే ఏడాది దక్షిణ ధ్రువయాత్ర నుంచి తిరిగివచ్చిన రుమేనియా శాస్త్రజ్ఞుడు ఎమిల్ రకోవిత్సా డైవింగు దుస్తుల్లో ఉండగా బన్యూల్స్ నీళ్లలో ఫొటో తీశాడు. 1900లో ఈ అనుభవమంతా పుస్తకంగా వేశాడు.

మన సమస్యా వెలుతురే, కాకపోతే రూపం వేరు. నీరు మొదట ఎరుపు రంగును మింగేస్తుంది. నలుపు తెలుపు ఫొటో తీసిన బూటాన్‌కు ఆ దిగులు లేదు. మనకు కొద్ది మీటర్లకే అన్నీ నీలంగానో పచ్చగానో పడతాయి. అందుకని కొనే కెమెరాలో తెలుపును మన చేత్తో సరిచేసుకునే ఏర్పాటు, రా ఫైలు దాచుకునే సౌకర్యం ఉండాలి. మెగాపిక్సెళ్ల లెక్క ఆ తర్వాతి మాట. ఇక నది కలిసే చోట నీటిలో మట్టి రేణువులు ఉంటాయి. కెమెరాలోని ఫ్లాష్ నేరుగా వెలిగితే రేణువులన్నీ తెల్లగా మెరిసి, ఫొటో మీద పిండి చల్లినట్టుంటుంది. దీపాన్ని చేయి చాపినంత దూరాన పక్కకు పెట్టాలి. జూమ్ చేయకుండా వస్తువుకు మీటరు లోపలికి వెళ్లాలి. ఎంత దగ్గరైతే మధ్యన మట్టినీరు అంత తక్కువ. అందుచేత మన తీరానికి దూరపు లెన్సు కన్నా, విశాలంగా చూసే లెన్సో, అతి దగ్గరి నుంచి తీయగల లెన్సో ఉన్న కెమెరా కావాలి. వరద రోజుల్లో మాత్రం ఎంత ఖరీదైన కెమెరా అయినా దండగే. నీరు ఎప్పుడు తేరుకుంటుందో, ప్రవాహం ఎటు లాగుతుందో తెలిసినవారు అక్కడి మత్స్యకారులు. వారిని అడక్కుండా దిగకూడదు, ఒంటరిగా అసలే దిగకూడదు. బూటాన్‌కు కూడా పైన గాలి కొట్టే మనుషులు ఉండబట్టే కింద కెమెరా పని జరిగింది.

1900 తర్వాత బూటాన్ వేరే పనుల్లో పడ్డాడు. కొన్నేళ్లు ఇండోచైనాలో పనిచేశాడు. ఒక గిబ్బన్ కోతిని పెంచి దాని అరుపులను పరిశీలించాడు. ముత్యాల గురించి పరిశోధించి, జపాన్ మికిమోటో పెంచిన ముత్యాలు నకిలీవి కావని, అసలైన ముత్యాలేనని వాదించిన శాస్త్రజ్ఞులలో ఒకడయ్యాడు. పారిస్ ముత్యాల వర్తకులకు అది ఎంత రుచించి ఉంటుందో చెప్పనక్కర్లేదు. చివరి రోజులు అల్జీరియాలో గడిచాయి. 1926లో అమెరికాలో లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు నీటి అడుగున మొదటి రంగుల ఫొటోలు తీశారు. వాళ్లూ తెప్ప మీద మెగ్నీషియం పొడే పేల్చారు. బూటాన్ 1934లో అల్జీరియా తీరంలోని టిగ్జిర్త్‌లో కన్నుమూశాడు.